సాక్ష్యం రాయబోతున్న చెల్లెమ్మకి

చెల్లెమ్మా, వందనాలు.

వాట్సాప్‌లో పంపిన పేజీలు చదివా. బాబుకి ఏ.ఎల్.ఎల్ అనే రక్త క్యాన్సర్ అన్నారు, ఇండక్షన్ అనే మొదటి విడత కీమో అయ్యాక బోన్ మ్యారో టెస్ట్‌లో రెమిషన్ వచ్చింది, మీ పాస్టర్ అయ్యగారు వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు, అదే మా పత్రికకి కూడా ఇద్దామని నీ ఆలోచన. ఇవ్వు, తప్పకుండా వేస్తాం. కానీ "ప్రభువు నా బిడ్డను సంపూర్ణంగా స్వస్థపరిచాడు" అని మొదలెట్టావు చూడు, నేను అక్కడే ఆగిపోయా.

రెమిషన్ అంటే టెస్టుకి క్యాన్సర్ కణాలు దొరకలేదని, అంతే. మందులు ఆపితే తిరగబెడుతుంది కాబట్టే ఇంకా కన్సాలిడేషన్ అనే రెండో విడత, ఆ తర్వాత మెయింటెనెన్స్ అనే చివరి విడత, మొత్తం కలిపి రెండున్నర మూడేళ్లు. ఇది ఊరికే పెట్టిన లెక్క కాదమ్మా. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకిచ్చి రెమిషన్ తెప్పించాడు, 1948లో ఆ రిపోర్ట్ వచ్చింది, సుబ్బారావు గారు పోయింది కూడా ఆ ఏడాదే. కానీ ఆ పిల్లలకి ఆ రెమిషన్ నిలవలేదు, కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. రకరకాల మందులు కలిపి ఏళ్ల తరబడి ఇవ్వాలని డాక్టర్లు నేర్చుకున్నది అలాంటి పిల్లల వల్లే. మీవాడి వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి దగ్గర చుట్టం.

ఇప్పుడు నీ మొదటి వాక్యాన్ని ఏ పల్లెటూర్లోనో ఇంకో తల్లి చదివి, మావాడికీ రెమిషన్ వచ్చింది కదా, దేవుడు ముట్టాడు, ఇంక రోజూ ఈ 6-ఎంపీ అనే కీమో మాత్ర ఎందుకులే, బస్ చార్జీలన్నా మిగుల్తాయి అనుకుందనుకో. విశ్వాసం తగ్గించి రాయమనట్లేదు నేను, జరిగినంత వరకే రాయమంటున్నా. "కణాలు కనబడట్లేదన్నారు, దేవునికి స్తోత్రం, మందులు ఇంకా వాడాలి" అని రాస్తే దేవుడికొచ్చే మహిమేం తగ్గదు.

ఇంకోటి, ఫోన్లో నువ్వు చెప్పినవి ఈ పేజీల్లో ఒక్కటీ లేవేంటి? స్టెరాయిడ్ రోజుల్లో అర్ధరాత్రి లేచి పప్పన్నం కావాలని ఏడ్చి, కలిపి తెస్తే ప్లేటు విసిరికొట్టాడన్నావు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు పడ్డాక కాళ్లు నొప్పులని మెట్లెక్కలేదన్నావు. రక్తకణాల కౌంట్ పడిపోయి క్రిస్మస్‌కి చర్చికి వెళ్లలేక బాల్కనీలో స్టార్ కట్టి ఫోన్లో ఆరాధన చూశారు. చేతులుంచి ప్రార్థన చేస్తామని జలుబుతో వచ్చినవాళ్లని గుమ్మం దగ్గరే ఆపితే "విశ్వాసంలో వీక్" అన్నారు కదా, అదీ రాయి, పేర్లు వద్దు. ఇంట్లో ఏ పాపం ఉందో చూసుకోండని అన్నావిడ మాట కూడా రాసి, దాని కింద యోహాను తొమ్మిదో అధ్యాయం పెట్టు, పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అదే ప్రశ్న వేస్తే, వీడూ పాపం చెయ్యలేదు, వీడి తల్లిదండ్రులూ చెయ్యలేదని ప్రభువు అన్న చోటు. జ్వరం 100.4 దాటితే ముందు ఆటో ఎక్కాలి, ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు, ఇదైతే కచ్చితంగా రాయి, చదివేవాళ్లకి పనికొస్తుంది.

దేవుడి మీద కోపం రాయొచ్చా అని అడిగావు. 88వ కీర్తన తియ్యి. మిగతా విలాప కీర్తనలు దాదాపు అన్నీ చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి, అదొక్కటి తిరగదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు. మార్కు తొమ్మిదిలో ఆ తండ్రి నమ్ముతున్నా అంటూనే నా అపనమ్మకానికి సాయం చెయ్యమని అడిగాడు, బిడ్డ బాగయ్యాడు కూడా. నువ్వు వార్డు బాత్రూంలో కొళాయి తిప్పేసి ఏడ్చినప్పుడు ఏమని అరిచావో అదే రాయి, దాన్ని స్తోత్రంగా మార్చి రాయకు.

చనిపోయిన పక్క బెడ్ పాప గురించి ఒక్క లైను రాసి వదిలేశావు. వాళ్లమ్మా ఉపవాసాలుంది, మీరిద్దరూ కలిసే మోకరించారని నువ్వే చెప్పావు. దావీదు కూడా బిడ్డ కోసం ఉపవాసముండి నేలమీద పడుకున్నాడు, ఏడో రోజు ఆ బిడ్డ పోయింది. మరి మేం పట్టుదలగా ప్రార్థించాం కాబట్టే దేవుడు మా బిడ్డని నిలబెట్టాడు అని నువ్వు మూడో పేజీలో రాసింది ఆ తల్లి చదివితే ఏమనుకోవాలి? ఆమె పట్టుదల చాల్లేదనా? ఈ వాక్యం మాత్రం నేను వెయ్యను, కోప్పడినా సరే. ఎందుకు వీడు, ఎందుకు ఆ పాప కాదు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఇన్నేళ్లుగా రాస్తున్నా దొరకలేదు, నువ్వూ దొరికినట్టు రాయకు.

డాక్టర్లా దేవుడా అనే గొడవ మీద పేజీ ఖర్చుపెట్టావు, తీసెయ్. చర్చి కాంపౌండ్‌లో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది, ఆ మొక్కని చేసిందెవరో మీ సంఘంలో వేరే చెప్పక్కర్లేదు.

బాబు గుండు ఫోటో వద్దు. రేపు కాలేజీకెళ్లే వయసులో వాడే చూసుకుంటాడు, అప్పుడు వాడిష్టం.

ఆదివారం సాక్ష్యం సంగతి అయ్యగారితో నేను మాట్లాడతా, కౌంట్ ఎలాగూ తక్కువుంది కాబట్టి మీరు వెళ్లకపోవడమే మంచిది. పేజీలు నెమ్మదిగా మళ్లీ రాసి పంపు, తొందరేం లేదు. బాబు బ్లడ్ గ్రూప్ ఏంటో మాత్రం ఈరోజే మెసేజ్ పెట్టు, ప్లేట్‌లెట్స్ ఇస్తామని మా యూత్ కుర్రాళ్లు అడుగుతున్నారు.

మీ అన్నయ్య