పొయ్యి దగ్గర ఇంకెవరున్నారు?

కందుకూరు

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పదకొండు వ్యాసాలూ చదివాను. మొదటిసారి నీ వెంట నడుస్తూ చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. "మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. నీకు రాయడం వచ్చు. వాక్యం నీ మాట వింటుంది. అది చాలామందికి పదేళ్ళు తంటాలు పడితే గాని పట్టుబడదు. అయితే పదకొండింటిలో తొమ్మిది వ్యాసాలు ఒకే మాటతో ముగిశాయి: "ఆ రోజులు మళ్ళీ రావు." పాతికేళ్ళు నిండని వాడివి, నీకు ఆ మాట అప్పుడే ఎందుకు నాయనా? ఆ మాట వచ్చిన చోటల్లా ఆగి, దాని ముందు పేరా మళ్ళీ చదివాను. ప్రతిచోటా చెప్పాల్సింది ఏదో మిగిలే ఉంది. అది చెప్పకుండా తలుపు వేసేశావు.

బ్యారన్ మీద రాసిన వ్యాసం సంగతే చూద్దాం. అన్నిటిలోకీ నాకు నచ్చింది అదే. సంక్రాంతి సెలవులకు తాతగారి ఊరు వెళ్ళడం, చలిరాత్రి పొగాకు బ్యారన్ పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చోవడం, నిప్పుల్లో చిలగడదుంపలు కాల్చుకుని తినడం. ఊదుకుంటూ తొక్క తీసే చోట నా వేళ్ళు కూడా చురుక్కుమన్నాయి. కానీ ఆ పొయ్యి ఎవరు వెలిగించారు? పేజీన్నర వ్యాసంలో "పనివాళ్ళు" అనే మాట ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ "పనివాళ్ళు వెళ్ళిపోయాక" అని. నిజంగా అందరూ వెళ్ళిపోయారా?

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తున్నాను. వర్జీనియా పొగాకు వేసే మన మెట్ట ఊళ్ళలో బ్యారన్ అంటే పొలం పక్కన నిలబడిన ఎత్తయిన గది. లోపల నేల మీద ఇనుప గొట్టాలు. బయట పొయ్యిలో కట్టెలు మండితే ఆ వేడి గొట్టాల వెంట పోతూ గదినంతా కాస్తుంది. పొగ మాత్రం ఆకును తాకదు. గొట్టాల పైన, కప్పు దాకా, వరసలు వరసలుగా ఆకు అల్లిన కర్రలు. మొదట ఆకు పసుపెక్కాలి, తరవాత రెక్క ఎండాలి, చివరికి ఈనె ఎండాలి. ఒక్కో దశకు ఒక్కో వేడి. అయిదారు రోజుల పాటు పగలూ రాత్రీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వేడి చాలకపోతే రంగు చెడుతుంది, తొందరపడి పెంచితే ఆకు మాడుతుంది. ఒక్క ఎండుటాకు జారి కాలే గొట్టం మీద పడిందంటే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. నువ్వు దుంప తిని తాతగారి ఒళ్ళో నిద్రపోయిన ఆ రాత్రి, థర్మామీటరు చూసుకుంటూ, కట్టె ఎగదోసుకుంటూ ఒక మనిషి మేలుకునే ఉన్నాడు. ఆ దుంపలు నిప్పుల్లోంచి తీసి నీ చేతికి ఇచ్చింది కూడా బహుశా అతనే. అతని పేరు నీకు తెలుసు. బీడీ ఏ చెవి మీద పెట్టుకునేవాడో కూడా తెలిసే ఉంటుంది.

నేను ఆ పొయ్యికి అవతలి వైపు పిల్లను. మా అమ్మ ఆకు అల్లడానికి వెళ్ళేది. బ్యారన్ పక్కన పందిరి, పందిరి కింద పచ్చాకు కుప్పలు, వాటి చుట్టూ ఆడవాళ్ళు. మూడు నాలుగు ఆకుల తొడిమలు కలిపి పట్టి, పురికొసతో మెలివేసి, కర్రకు ఈ పక్క ఒక గుత్తి, ఆ పక్క ఒక గుత్తి. కూలి రోజు లెక్కన కాదు, కర్ర లెక్కన. అందుకని మా అమ్మ పొద్దును కూడా కర్రల్లోనే చెప్పేది. "ఇంకో పది కర్రలయ్యాక పోదాం" అంటే ఎంతసేపో నాకు సరిగ్గా తెలిసేది. పచ్చాకుకు జిగురు ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి అమ్మ వేళ్ళు తారు పూసినట్టు నల్లబడేవి. బూడిదతో తోమేది, ఇసుకతో తోమేది, రాతి మీద అరచేతులు రుద్దేది. అయినా గోళ్ళ మూలల్లో మిగిలేది. రాత్రి అన్నం కలిపి మాకు ముద్దలు పెడితే మొదటి ముద్ద చేదుగా ఉండేది. రెండోది కాస్త తక్కువ. మూడో ముద్దకు పప్పు రుచి తెలిసేది. మొదటి ముద్ద నీకంటే నీకని అక్కా నేనూ వాదులాడుకునేవాళ్ళం. ఒకరోజు నుంచి అమ్మ మొదటి ముద్ద తనే తినడం మొదలుపెట్టింది. ఎందుకని మేమిద్దరం అడగలేదు.

ఈ చేదు ముద్ద గురించి రాయడానికి నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది. అంతకుముందు నేనూ వెచ్చని పొయ్యి గురించే రాశాను, ఆ రోజులు మళ్ళీ రావనే రాశాను. ఆ వెచ్చదనం అబద్ధం కాదు. అమ్మ కోసం కాచుకుని నేనూ ఆ పొయ్యి దగ్గర కూర్చున్నాను, నాకూ కాల్చిన గడ్డ దొరికింది, అంత తియ్యటిది తరవాత ఎక్కడా తినలేదు. ఆ తీపి, ఈ చేదు ఒకే రాత్రివి. రెండూ రాయమనే అడుగుతున్నాను. నిన్ను గాని, మీ తాతగారిని గాని తప్పు పట్టడానికి కాదు. అప్పు తెచ్చి పంట వేసి, వేలంలో ధర పలకక, బేళ్ళు వెనక్కి తెచ్చుకున్న రైతు ముఖం కూడా నేను చూశాను. మీ తాతగారికి అలాంటి ఏడాది ఉందేమో, ఉంటే అదీ నీ వ్యాసంలోకి రావాలి. పిల్లవాడికి ఆ రాత్రి తెలియనిది, ఇప్పుడు పెద్దవాడివై రాస్తున్న నీకు తెలియాలి.

ఇక గుర్తుండడం సంగతి. నాకు గుర్తుంది కాబట్టి జరిగింది అనుకోకు. మా ఇంటి ముందు వేపచెట్టు కూలిన తుఫాను గురించి రాస్తూ నేను 1977 నవంబరు అని వేశాను. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన ఏడాది అది. తుఫాను అంటే అందరి నోటా అదే మాట గనక, నా జ్ఞాపకం కూడా వెళ్ళి అందులో కలిసిపోయింది. అచ్చయ్యాక అక్క చదివి అంది: "చెట్టు పడిన రోజు మనం ఏం చేస్తున్నామో మరిచిపోయావా? నీళ్ళు వస్తాయని కొత్త ఆవకాయ జాడీ అటక ఎక్కించాం కదే!" నవంబరులో కొత్త ఆవకాయ ఎక్కడిది? అది 1979 మే నెలలో మన తీరాన్ని దాటిన తుఫాను. తేదీ తప్పితే ఏముందిలే, మలి ముద్రణలో దిద్దుకోవచ్చు అనుకున్నాను. దిద్దబోతే తెలిసింది. నవంబరు అనుకున్నందువల్ల ఆ రాత్రిని చలిరాత్రిగా రాశాను. పిల్లలకు దుప్పట్లు కప్పాను. అమ్మ చేత కుంపటి కూడా రాజేయించాను. అసలు ఆ రాత్రి ఇంట్లో ఉక్క, ఇంటినిండా ఆవపిండి వాసన. అది అక్క దగ్గర భద్రంగా ఉంది, నా దగ్గర లేదు. అప్పటి నుంచి ఏది రాసినా అక్కకు చదివి వినిపించాకే బయటికి పంపుతున్నాను. నీకూ అలాంటి మనిషి ఒకరు ఉండాలి. పొగిడేవాళ్ళు కాదు, అక్కడ ఉన్నవాళ్ళు.

చిలగడదుంప అన్నావు. మీ తాతగారి ఊళ్ళో ఆ మాట విన్నావా? మా వైపు అది గెనుసుగడ్డ. నువ్వు కూడా ఆ పొయ్యి దగ్గర "గెనుసుగడ్డ కావాలి" అనే మారాం చేసి ఉంటావు. రాసేటప్పుడు పెద్ద ఊరి మాట వేసుకున్నావు. మా కందుకూరు నేను పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు మారింది, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. కాగితాల మీద ఊరు ఎన్నిసార్లు చేతులు మారినా ఇళ్ళలో మాట మారలేదు. మీ అమ్మమ్మది గూడూరు వైపు అని రాశావు. నీ వ్యాసంలో ఆమె "ఉల్లిపాయలు తరుగు" అంటుంది. ఆ తల్లి "ఎర్రగడ్డలు తరుగు" అనే అని ఉంటుంది. కథనం నీకు చెయ్యి తిరిగిన భాషలోనే సాగనివ్వు, అందులో ఇబ్బంది లేదు. మనుషులు నోరు విప్పినప్పుడు మాత్రం వాళ్ళ మాట వాళ్ళకు ఇచ్చెయ్యి.

చేపల పులుసు వ్యాసానికి ఎక్కువ చెప్పను. "అమోఘం", "అద్భుతం", "అమృతం" మూడూ ఒకే పేరాలో ఉన్నాయి. వాటిని కొట్టేసి, మామిడికాయ ముక్కలు మీ ఇంట్లో ఏ దశలో వేస్తారో, మర్నాటి దాకా పులుసు ఆగాలంటే పిల్లలకు అందకుండా చట్టి ఎక్కడ దాచేవారో రాయి.

పలక వ్యాసం బాగుంది. దొండాకు, బొగ్గు కలిపి రుద్ది పలకను నల్లబరచడం, ఆ పసరు వాసన, ఆరేదాకా ఎండలో ఊపుకుంటూ తిరగడం, ఏదీ తీసెయ్యకు. ఒక్కటి చేర్చు. ఆ రాయి మార్కాపురం గనుల్లోది. తవ్వి తీసిన రాతిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, చెక్క చట్రం బిగిస్తే అది పలక. నీ జిల్లా రాయి మీదే నువ్వు అక్షరాలు దిద్దావు. వీలు చూసుకుని ఒకసారి ఆ ఊరు వెళ్ళు, రాయి ఎలా చీలుతుందో కళ్ళారా చూసి రా.

చివరగా, చెప్పడానికి నాకు కష్టంగా ఉన్న సంగతి. నీ పదకొండు వ్యాసాల్లోనూ ఉన్న పిల్లవాడు చాలా మంచివాడు. ఎవరినీ ఒక మాట అనలేదు, ఎవరి మనసూ నొప్పించలేదు. నేను అలాంటి పిల్లను కాదు. ఆరో తరగతిలో కనిగిరి వైపు నుంచి వచ్చి, మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల ఒకతె నా పక్కన కూర్చునేది. నవ్వు వస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఒకరోజు అందరి ముందూ "నువ్వు పళ్ళు తోముకోవా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకునే. ఆ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని, చిగుళ్ళలో పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగిన పిల్లలకు ఆ చారలు వస్తాయని, ఎంత తోమినా పోవని నాకు తెలిసేసరికి పెద్దదాన్నయ్యాను. ఆమె ఆ ఏడాది మధ్యలోనే బడి మానేసి వెళ్ళిపోయింది. నా మాట వల్లేనా, ఇంకేదైనా కారణమా అన్నది ఇన్నేళ్ళుగా నన్ను వదలలేదు. ఇన్ని పుస్తకాలు రాసిన నేను ఆ పిల్ల గురించి ఒక్క వాక్యం రాయలేదు. నీ వ్యాసాలు చదివిన రాత్రి కూర్చుని మొదలుపెట్టాను, నాలుగు పేజీలయ్యాయి. నీ దగ్గరా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. అచ్చుకు పంపకపోయినా సరే, ముందు రాసి పెట్టుకో.

ఎక్కడికి పంపాలి, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి అని అడిగావు. ఇంకో ఏడాది ఆగి మాట్లాడుకుందాం.

ఉగాదికి ఊరు వెళ్తానన్నావు కదా. బ్యారన్ వ్యాసం చింపెయ్యకు, వెంట తీసుకెళ్ళు. తాతగారి దగ్గర కూర్చుని, ధర బాగా పలికిన ఏడాదీ, బొత్తిగా పలకని ఏడాదీ చెప్పించుకో. ఆ తరవాత, ఆకు అల్లిన ఆడవాళ్ళలో ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుని వాళ్ళ ఇంటికి వెళ్ళు. పేరు అడుగు. కర్రకు ఎంత ఇచ్చేవారో, రోజుకు ఎన్ని కర్రలు అయ్యేవో అడుగు. చేతుల జిగురు దేనితో తోమితే పోయేదో తప్పకుండా అడుగు. మా అమ్మకు కడదాకా తెలియలేదు. వాళ్ళలో ఎవరికైనా తెలిసి ఉంటే నాకు వెంటనే ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మ వయసు మనిషి