పిల్ల పాముకు కుబుసం ముక్కలుగా ఊడితే: లాగకండి, దానికో పుట్ట కట్టండి

గుంటూరులో ఉంటామని, ఆరు నెలల బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడిందని, తోక చివరా ఒక కంటి మీదా ఇంకా పొర ఉండిపోయిందని, మీ తమ్ముడు ట్వీజర్‌తో లాగేద్దామంటున్నాడని రాశారు. ముందు మీ తమ్ముడి చేతిలోంచి ఆ ట్వీజర్ తీసుకోండి. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

నేను లాగి చూశాను కాబట్టి చెబుతున్నాను. మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాలుగేళ్ల కిందట మా పాము అరచేతిలో చుట్ట చుట్టుకుని కూర్చునేంత పిల్ల. మే నెలాఖరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి ఎండలు. ఎండకి పాము ఏమైపోతుందోనని పగలూ రాత్రీ ఏసీ వేసి ఉంచాను. ఏసీ గదిని చల్లబరచడంతో పాటు గాలిలోని తేమని కూడా లాగేస్తుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఒకరోజు పొద్దున చూస్తే ఒంటి మీద కుబుసం చిరిగిన పాలిథిన్ కాగితంలా వేలాడుతోంది. మెడ దగ్గర కొస పట్టుకుని లాగాను. రెండంగుళాలు బాగానే వచ్చింది, ఆ తర్వాత పట్టేసింది. ఇంకాస్త లాగాను. కింద ఇంకా గట్టిపడని కొత్త చర్మం, నాలుగైదు పొలుసులు దానితో పాటే వచ్చేశాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

తోక విషయంలో ఇంకా పెద్ద తప్పు చేశాను. కొస దగ్గర ఉంగరంలా సన్నటి పొర మిగిలింది. చిన్నదే కదా, వచ్చేసారి పోతుందిలే అని వదిలేశాను. పోలేదు. తర్వాతి కుబుసం కూడా దాని దగ్గరే ఆగి, పొర మీద పొర పడి బిగుసుకుంది. రక్తం ఆడక తోక కొస నల్లబడి, ఎండి, అర సెంటీమీటరు ఊడిపోయింది. మధ్యలో ఒక పశువుల డాక్టరుకు చూపిస్తే కొబ్బరినూనె రాయమన్నారు. ఆయన్ని అనడానికి లేదు, పాముని తెచ్చిన మొదటి మనిషిని నేనేనట. కానీ నూనె పొలుసుల్లోకి ఇంకలేదు, పాము ఉండే డబ్బాలో పరిచిన కొబ్బరి పొట్టంతా దాని ఒంటికి అంటుకుంది. మీరు ఆ పని చేయకండి.

కుబుసం ఎలా ఊడుతుందో తెలిస్తే ఏం చేయాలో సగం అర్థమవుతుంది. పాత చర్మం కింద కొత్తది తయారయ్యాక, ఆ రెండింటి మధ్య పల్చటి ద్రవం చేరి వాటిని విడదీస్తుంది. పాముకు కనురెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి ఒక పొలుసు ఉంటుంది. ద్రవం దాని కిందికి కూడా చేరడం వల్లే కళ్లు నీలంగా, పాలు కలిపినట్టు మసకబారతాయి. మూడు నాలుగు రోజులకి కళ్లు మళ్లీ తేటపడతాయి. చాలామంది అక్కడ మోసపోతారు, అయిపోయిందనుకుంటారు. అసలు విడవడం ఆ తర్వాత ఇంకో రెండు మూడు రోజులకి. మూతిని గరుకుగా ఉన్నదానికి రాసి, పెదవుల దగ్గర పొర తెరుచుకున్నాక, బనియను తిరగేసి విప్పినట్టు తల నుంచి తోక దాకా ఒకటే ముక్కగా విడిచేస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా, చుట్టూ గాలి పొడిగా ఉన్నా ఆ పొర ఎండి అంటుకుపోతుంది. పిల్లలు త్వరగా పెరుగుతాయి కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి విడుస్తాయి. అంటే మీకు ఈ పని మళ్లీ త్వరలోనే ఉంటుంది.

ఇప్పుడు తోక చూడండి. మూతకి గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పాము ఒంటి మందంలో సగం మునిగేంత నీళ్లు పోయండి, అంతకన్నా లోతు వద్దు. నీళ్లు 28 నుంచి 30 డిగ్రీలుంటే చాలు. మన ఊళ్లలో వేసవి మధ్యాహ్నం ట్యాంకు నీళ్లే కాగిన నీళ్లు, అందుకని ముందే బకెట్‌లో పట్టి చల్లారనివ్వండి. పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, మీరు పక్కనే కూర్చోండి. తీశాక తడిపి పిండిన పాత కాటన్ తువ్వాలులో వదులుగా చుట్టి, మీ చేతుల మధ్య నుంచి దాన్నే పాకనివ్వండి. ఆ రాపిడికే చాలావరకు ఊడుతుంది. తోక కొసని తడిగుడ్డతో రెండు వేళ్ల మధ్య పట్టి, చివరి వైపుగా మెల్లగా దొర్లించండి. రాకపోతే ఆపేసి రేపు మళ్లీ. రోజుకి ఒక్కసారి మించి వద్దు, దానికీ టెన్షనే. మూడు నాలుగు రోజులైనా ఉంగరం కదలకపోయినా, కొస రంగు మారినా డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకండి.

కన్ను జోలికి మాత్రం వెళ్లకండి. సెల్లోటేప్ అంటించి లాగే వీడియోలు చూసే ఉంటారు, అలా లాగితే కింద ఉన్న కొత్త పొలుసు కూడా వచ్చి కన్ను పోవచ్చు. ఒక కన్ను నలిగినట్టు, మసగ్గా ఉంటే తేమ పెంచి వచ్చే కుబుసం దాకా ఆగండి, చాలాసార్లు దానితోనే పోతుంది. రెండోసారీ పోకపోతేనో, కన్ను వాచితేనో సరీసృపాలను చూసిన అనుభవమున్న డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఊళ్లో లేకపోతే ముందు ఫోటోలు పంపి మాట్లాడండి.

ఇక తేమ. బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. అక్కడది ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ దాక్కుంటుంది. బయట ఎంత ఎండగా ఉన్నా పుట్ట లోపల చెమ్మ ఉంటుంది. పాము, పుట్ట సంగతి మనకి ఒకరు చెప్పాలా! మన చిక్కేమిటంటే, ఏసీ ఆపలేం. 35 డిగ్రీలు దాటితే దాని ప్రాణానికే ముప్పు, మే నెలలో మన గదులు సులువుగా అది దాటేస్తాయి. ఏసీ వేస్తేనేమో గాలి ఎండుతుంది. అందుకని గది సంగతి వదిలేసి, దాని డబ్బాలోనే చిన్న పుట్ట పెట్టాను. ఐస్‌క్రీమ్ డబ్బాకి పక్కన ఒక రంధ్రం చేసి, అంచులు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, లోపల తడి కొబ్బరి పొట్టు నింపాను. ఆర్కిడ్ మొక్కలకు వాడే స్ఫాగ్నమ్ నాచు దొరికితే ఇంకా మంచిది. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి కానీ నీళ్లు కారకూడదు. మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. కళ్లు నీలమైన రోజే దాన్ని పెట్టేయండి.

డబ్బా వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 26 నుంచి 28. తేమ మామూలు రోజుల్లో 50 నుంచి 60 శాతం, కుబుసం రోజుల్లో 70 దాకా. గాలిలో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొనండి, అందాజా లెక్కలు నన్ను ముంచాయి. అలాగని మొత్తం తడిపి ముద్ద చేస్తే పొట్ట కింద పొలుసులు పుండ్లు పడతాయి, ఊపిరి తీస్తే గురగురమంటుంది.

కళ్లు మసకగా ఉన్నన్నాళ్లు తిండి పెట్టొద్దు, చేతిలోకి తీసుకోవద్దు. సరిగా కనిపించక బెదురుతుంది. తినడం మానేసిందని కంగారు పడకండి, విడిచాక అదే తింటుంది. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. మా అమ్మ నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చి, దీనికీ ఒక చెంచా పొయ్యనా అని అడుగుతుంది ప్రతి ఏడూ. పాముకు పాలు అరగవమ్మా అంటే, అలిగి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇంకో మాట. బాల్ పైథాన్ అయితే 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చేయించే ఉంటారనుకుంటున్నాను. ఇది చదివే వేరేవాళ్ల దగ్గర పొలంలో దొరికిన మన దేశపు పాము ఏదైనా ఉంటే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెట్టుకోవడం నేరం. అటవీశాఖకు ఫోన్ చేసి అప్పగించండి.

వచ్చేసారి కుబుసం విడిచాక పారేయకుండా తడిపి, విప్పి చూడండి. తల దగ్గర రెండు కంటి అద్దాలూ ఉండాలి, తోక కొస మూసుకుని సూదిగా ఉండాలి. రెండు రోజులయ్యాక తోక ఎలా ఉందో ఇక్కడే రాయండి. ఫోటో పెడితే పగటి వెలుతురులో తీయండి, ట్యూబ్‌లైటు కింద కొస రంగు సరిగా తెలియదు.