విగ్రహాల కళ్ళు దిద్దడానికి ఏ ఎయిర్‌బ్రష్ మంచిది? 0.2 కొనాలా, 0.3 చాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపురంలో మట్టి విగ్రహాలకు రంగులు వేస్తున్నావు. ఆన్‌లైన్‌లో రెండు వేలకు కొన్న ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పెన్ను లాంటి పరికరం) సెట్టుతో రెప్పల దగ్గర సన్నని గీత రావట్లేదు, రంగు చిమ్ముతోంది, మధ్యలో ఆగిపోతోంది. పదిహేను వేలు దాచుకున్నాను, 0.2 సూది (0.2, 0.3 అంటే రంగు బయటికొచ్చే నాజిల్ రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే నంబర్లు) ఉన్న మంచి బ్రష్ కొంటే గీత సన్నబడుతుందా అని అడిగావు.

0.2 ఇప్పుడే కొనొద్దు. ఆ డబ్బులో సగానికి పైగా కంప్రెసర్, అంటే బ్రష్‌కు గాలి అందించే మోటారు మీద పెట్టు. మిగిలిన దాంతో 0.3 బ్రష్ ఒకటి, దానికి స్పేర్ నాజిల్, స్పేర్ సూది తీసుకో. నేను బరంపురంలో పదహారేళ్ళుగా విగ్రహాలకు రంగులు వేస్తున్నాను. అంతకుముందు మా నాన్నగారితో కలిసి షాపుల బోర్డులు రాసేవాణ్ణి, పైన ఒడియా, కింద తెలుగు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయి ఇటు వచ్చాను. మొదట నేను కూడా నీలాగే 0.2 కోసం ఎగబడ్డాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

లోపల ఏం జరుగుతుందో ముందు చూడు. నాజిల్ కొనలో ఉన్న రంధ్రాన్ని సూది మూసి ఉంచుతుంది. సూది కొన సన్నగా చెక్కినట్టుంటుంది కాబట్టి, నువ్వు ట్రిగ్గర్ వెనక్కి లాగిన కొద్దీ సూదికీ నాజిల్‌కీ మధ్య సందు పెరుగుతుంది. అంటే 0.3 నాజిల్‌లో కూడా వెంట్రుక వాసి లాగితే వెంట్రుక వాసి రంగే వస్తుంది. గీత ఎంత సన్నగా రావాలన్నది నీ వేలు ఎంత లాగింది, రంగు ఎంత పల్చన, గాలి ఎంత, విగ్రహానికి ఎంత దగ్గరగా పట్టావు అనే నాలుగింటి మీద ఉంటుంది. సూది నంబర్ ఆ తర్వాతే. పైగా 0.2కు చాలా మెత్తగా నూరిన రంగు కావాలి. మనం మామూలుగా వాడే ఫెవిక్రిల్, పోస్టర్ రంగులు అందులో పోస్తే రెండు నిమిషాల్లో నాజిల్ పట్టేస్తుంది. కళ్ళు దిద్దుతుండగా ప్రతి రెప్పకీ ఆగి సూది కడుక్కోవడం ఎంత చిరాకో పడ్డవాడికే తెలుసు.

ఇక కంప్రెసర్ సంగతి. నీ సెట్టుతో వచ్చింది ట్యాంకు లేని చిన్న డబ్బా అయి ఉంటుంది. అందులో పిస్టన్ కొట్టిన ప్రతిసారీ గాలి తోసినట్టు వస్తుంది. పెద్ద గీతలో అది కనపడదు. సన్న గీత గీసేటప్పుడు మాత్రం పూసలు గుచ్చినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. మూడు లీటర్ల ట్యాంకు ఉన్న 1/6 హెచ్‌పీ కంప్రెసర్ చాలు. ట్యాంకులో గాలి ఒత్తిడి 3 బార్‌కు తగ్గితే అదే మొదలవుతుంది, 4 బార్‌కు ఆగిపోతుంది, గాలి నిలకడగా వస్తుంది. గాలి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్, దాన్ని చూపే గేజి, నీళ్ళు పట్టే వాటర్ ట్రాప్ మూడూ ఉన్నదే చూసి కొను. చప్పుడు కూడా తక్కువే. అద్దె గదిలో రాత్రిపూట పని చేసుకోవచ్చు.

వాటర్ ట్రాప్ గురించి ఇంకాస్త చెప్పాలి, మన ప్రాంతంలో సగం కష్టం అక్కడే ఉంది. నేను మొదటిసారి పెద్ద అమ్మవారి విగ్రహం ఒప్పుకున్నది ఒక దసరాకి. షష్ఠి రాత్రి, బయట సన్నగా వాన. కుడి కన్ను పూర్తయింది, బాగా వచ్చింది. ఎడమ కంటి పాప చుట్టూ గోధుమ రంగు నీడ వేస్తున్నాను. ఉన్నట్టుండి బ్రష్ చిన్నగా తుమ్మినట్టయింది. చూస్తే పాప మీద గుండ్రని నీటి బొట్టు నిలబడి ఉంది. నేను గుడ్డ తీసేలోపే అది కదిలి, ఆరీ ఆరని రంగును పట్టుకుని ముక్కు దాకా జారింది. అమ్మవారు ఏడుస్తున్నట్టే ఉంది. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. తెల్లారేలోపు ఆ చెంప అంతా సాండ్‌పేపర్ పట్టి, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేసి మళ్ళీ మొదటి నుంచి దిద్దాను.

ఎందుకు జరిగిందంటే, గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ట్యాంకులో, ట్యూబులో చల్లారినప్పుడు దానిలో ఉన్న తేమ నీళ్ళవుతుంది. మాకు గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, మీకు చుట్టూ కొండలు, వర్షాకాలం. రెండు చోట్లా వినాయక చవితి నుంచి దసరా దాకా, అంటే సరిగ్గా మనకు పని ఉన్న రోజుల్లోనే, గాలి తడిగా ఉంటుంది. అందుకని రెగ్యులేటర్ దగ్గర ఒక ట్రాప్, బ్రష్ పిడికి కింద చిన్నది ఇంకొకటి పెట్టుకో. ట్యాంకు అడుగున ఉన్న వాల్వు తిప్పి రోజూ పని అయ్యాక నీళ్ళు వదిలెయ్యి. వాన రోజుల్లో గంటకోసారి వదులు. కంటి మీదికి వెళ్ళే ముందు పాత కాగితం మీద పది సెకన్లు ఉత్త గాలి కొట్టి చూడు. కాగితం మీద తడి మచ్చ పడితే విగ్రహం దగ్గరికి వెళ్ళకు. ఆ రాత్రి తర్వాత నేను ఈ పని ఒక్కసారి కూడా మానలేదు.

బ్రష్ ఎంచుకునేటప్పుడు డబుల్ యాక్షన్ కావాలి, అంటే ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. రెండూ ఒకే వేలితో విడివిడిగా నడపగలిగితేనే నీడలు వస్తాయి. కప్పు పైన ఉన్నది తీసుకో. రంగు తన బరువుతో తానే దిగుతుంది కాబట్టి తక్కువ గాలితో పని జరుగుతుంది. సీసా కింద తగిలించేది పెద్ద గోడలకు బాగుంటుంది గానీ కళ్ళకు పనికి రాదు.

కంపెనీల విషయానికొస్తే, జపాన్ వాళ్ళ ఇవాటా ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్ 0.35 నాజిల్‌తో వస్తుంది. నేను ఇప్పుడు వాడేది అదే. జర్మనీ వాళ్ళ హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఎవల్యూషన్ కూడా చాలా మంచిది. ఈ రెండింటిలో నాకు నచ్చేది నాజిల్. మర ఉండదు, దాని చోట్లో పెట్టి పై మూత బిగిస్తే సరిపోతుంది. చౌక సెట్లలో నాజిల్ బియ్యపు గింజంత ఉంటుంది, చిన్న స్పానర్‌తో బిగించాలి. కొంచెం బలం ఎక్కువైతే మర దగ్గరే విరిగి, సగం ముక్క లోపల ఉండిపోతుంది. నావి అలా రెండు పోయాయి. నీ బడ్జెట్‌లో ఇవాటా రాకపోవచ్చు. కంప్రెసర్ పోగా మిగిలిన దాంతో, స్పేర్ నాజిల్ విడిగా దొరికే ఏ 0.3 అయినా తీసుకో. స్పేర్ దొరకని బ్రష్ ఎంత బాగున్నా వద్దు. పండగ ముందు రోజు నాజిల్ పోతే విశాఖ నుంచి కొరియర్ వచ్చేసరికి విగ్రహం మండపానికి వెళ్ళిపోయి ఉంటుంది.

పెట్టె విప్పగానే సూది బయటికి తీసి, కొనను గోటి మీద చాలా మెల్లగా జార్చి చూడు. గోటికి ఎక్కడైనా గీరుకున్నట్టు తగిలితే కొన వంగినట్టే. కంటికి కనపడదు, గోటికి తెలుస్తుంది. వంగిన సూదితో గీత ఒక పక్కకు పోతుంది. తర్వాత కప్పులో నీళ్ళు పోసి గాలి నొక్కు. కప్పులో బుడగలు వస్తే నాజిల్ దగ్గర గాలి వెనక్కి వస్తోందన్నమాట. సరిగ్గా బిగించలేదో, నాజిల్ పగిలిందో చూసుకో.

రంగు కలపడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. నీళ్ళు కలపని పాల చిక్కదనం నుంచి మొదలుపెట్టు, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి దానికన్నా పల్చన చెయ్యి. కప్పు గోడకు కుంచెతో కొంచెం రాస్తే కిందికి జారుతూ వెనక పల్చని పొర వదలాలి. ముద్దగా నిలబడితే ఇంకా చిక్కనే. కలిపాక పాత నైలాన్ సాక్సు గుడ్డలో వడకట్టు. సీసా మూత దగ్గర ఎండిన రంగు రేణువు ఒక్కటి చాలు, నాజిల్ పట్టెయ్యడానికి. ఎక్రిలిక్ రంగు సూది కొన మీద త్వరగా ఎండిపోతుంది, అందుకే నీకు గీత మధ్యలో ఆగిపోతోంది. రెండు చుక్కలు రిటార్డర్ కలిపితే ఆ ఎండటం నెమ్మదిస్తుంది. అయినా ప్రతి ఐదారు గీతలకోసారి, తడిపి పిండిన మెత్తని కుంచెతో సూది కొన తుడిచే అలవాటు చేసుకో.

గాలి ఎంత పెట్టాలంటే, ప్రైమర్, ఒంటి రంగు లాంటి పెద్ద పనికి 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడికి ఇంకో కొలత) దాకా పెడతాను. చెంపల నీడకు 18 దగ్గర. కళ్ళకు రంగు బాగా పల్చన చేసి 12 నుంచి 15. ఈ రెండూ జోడీగా తగ్గాలి. రంగు పల్చన చేసి గాలి తగ్గించకపోతే సాలీడు కాళ్ళలా నలువైపులా పాకుతుంది. నువ్వు చిమ్ముతోంది అన్నది ఇదే అనుకుంటున్నాను. గాలి తగ్గించి రంగు చిక్కగానే ఉంచితే ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది.

చెయ్యి గురించి చెప్పాలంటే, ఇంట్లో అమ్మ ముగ్గు వేసేటప్పుడు చూడు. చెయ్యి కదిలాకే పిండి జారుతుంది, చెయ్యి ఆగే ముందే పిండి ఆగుతుంది. చెయ్యి ఆగి పిండి పడితే కుప్ప పడుతుంది. ఎయిర్‌బ్రష్ కూడా అంతే. ముందు గాలి నొక్కు, చెయ్యి కదుపు, అప్పుడు రంగు లాగు. ముగించేటప్పుడు రంగు ముందు ఆపు, చెయ్యి ఇంకా కదులుతుండగానే, గాలి చివర్లో వదులు. గాలి ముందే వదిలేస్తే కొన మీద మిగిలిన రంగు, తర్వాతి గీత మొదట్లో మచ్చగా పడుతుంది.

రెప్ప వెంట్రుక గీసేటప్పుడు మొదట్లో దగ్గరగా, అర సెంటీమీటరు లోపు పట్టి కొంచెం లాగు, కొన వైపు వెళ్తూ చెయ్యి పైకి తేలుస్తూ ట్రిగ్గర్ మూసుకుంటూ పో. మొదలు మందం, కొన సన్నం తనంతట అదే వస్తుంది. అంత దగ్గరగా పట్టినప్పుడు సూది ముందున్న చిన్న మూత తీసేస్తే గాలి వెనక్కి కొట్టదు. కానీ అప్పుడు సూది కొన బయటే ఉంటుంది, దేనికీ తగలనివ్వకు. నెల రోజులు పాటు రోజూ అరగంట, ప్రైమర్ వేసిన పగిలిన కుండ పెంకుల మీద చుక్కలు పెట్టి వాటిని గీతలతో కలుపు. కాగితం మీద కాకుండా పెంకు మీద ఎందుకంటే, నీ పని మట్టి మీద. ప్రైమర్ సరిగ్గా పట్టని మట్టి రంగును పీల్చేస్తుంది, గీత అంచు పాకుతుంది. అది నీ చెయ్యి తప్పు అనుకుని బెంగపడతావు.

ఒక మాట మనసులో పెట్టుకో. అడుగు లోపు విగ్రహానికి రెప్ప వెంట్రుకలు, కాటుక గీత నేను ఇప్పటికీ 0 నంబర్ కుంచెతోనే వేస్తాను. ఎయిర్‌బ్రష్ గీత ఎంత సన్నగా గీసినా అంచు కాస్త మెత్తగా ఉంటుంది. కాటుకకు పదునైన అంచు కావాలి. ఎయిర్‌బ్రష్ గొప్పతనం రెప్ప కింద నీడలో, పాప లోపల నలుపు నుంచి గోధుమ రంగులోకి దిగే చోట, చెంప మీద ఎరుపు ఎక్కడ మొదలైందో తెలియనివ్వకపోవడంలో ఉంది. రెండూ కలిపి వాడినప్పుడే కన్ను చూస్తున్నట్టు ఉంటుంది.

శుభ్రం చెయ్యడం క్లుప్తంగా చెప్తాను. రంగు మార్చినప్పుడల్లా నీళ్ళు పోసి, ముందు గుడ్డతో మూసి గాలి నొక్కితే కప్పులోకి బుడగలు వచ్చి లోపలి రంగు కదులుతుంది. రోజు చివర సూది తీసి తుడువు. తిరిగి పెట్టేటప్పుడు ఆగిన చోట ఆపు, తొయ్యకు. తోస్తే నాజిల్ మూతి విచ్చుకుంటుంది. బ్రష్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టకు, లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి.

మాస్కు తప్పనిసరి. నీటి రంగులకు ఎన్95 సరిపోతుంది. ఎన్‌సీ థిన్నర్ రంగులు వాడితే ఆ ఆవిరిని ఎన్95 ఆపదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. హార్డెనర్ కలిపే బండి రంగుల జోలికి అద్దె గదిలో పోవద్దు. ఇంకొకటి, మా బరంపురం అమ్మవారి పండగ ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు పులివేషాలకు ఒంటి మీద కూడా స్ప్రే చెయ్యమని కుర్రాళ్ళు అడుగుతారు. విగ్రహాలకు వాడే రంగు మనిషి చర్మం మీద వెయ్యకు. చర్మానికి పనికొచ్చే రంగు విడిగా తెచ్చుకుంటేనే ఒప్పుకో.

నీ దగ్గరున్న పాత సెట్టు పారెయ్యకు. ఒంటి రంగుకు అది చాలు, కొత్త దాన్ని ముఖానికి ఉంచుకో. ముందు ఈ రాత్రికి పాత బ్రష్ సూది తీసి గోటి పరీక్ష చెయ్యి. తెల్ల కాగితం మీద దాన్ని పెట్టి దగ్గర నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టు, కొన వంగిందో లేదో చూసి చెప్తాను. వంగి ఉంటే సూది ఒక్కటి మార్చి చూశాకే కొత్త బ్రష్ ఆర్డర్ పెట్టు.