జోన్ మారుతుందన్న మాట మీద 18 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గరి హసన్‌పర్తి. ముగిసిన చిట్టీ డబ్బు, దాచుకున్నది కలిపి 12 లక్షలు ఉన్నాయి. ఊరి బయట కొత్త వెంచర్‌లో 200 గజాలు చూశాం, గజం 9 వేలు. తక్కువపడే 6 లక్షలకు బంగారం కుదువ పెడదామని మా వారు అంటున్నారు. మాస్టర్ ప్లాన్‌లో ఇప్పుడది వ్యవసాయ జోనేనట, ఏడాదిలో రెసిడెన్షియల్ అవుతుందట. 50 వేలు బయానా ఇచ్చాం. నాలుగేళ్లకు పాప ఇంజినీరింగ్ ఫీజులకు అమ్ముకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. బయానా దగ్గరే ఆగండి.

ముందు మీ లెక్కే వేద్దాం. ప్లాటు 18 లక్షలు. పూర్తి ధరకు రిజిస్టర్ చేయించుకుంటే 7.5 శాతం చొప్పున మరో లక్షా 35 వేలు. బంగారం లోనుకు 11 శాతం అనుకుంటే ఏటా 66 వేల వడ్డీ, నాలుగేళ్లకు 2 లక్షల 64 వేలు. మొత్తం దాదాపు 22 లక్షలు. అంటే గజం 11 వేలకు పోతేనే మీ డబ్బు మీ చేతికి వస్తుంది. మీ 12 లక్షలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ కూడా కలుపుకుంటే, పన్నెండున్నర వేలు దాటాకే లాభం మొదలు. జోన్ మారకపోతే ఆ ధర ఎవరు పెడతారు? ఇల్లు కట్టుకునేవారికి పర్మిషన్ రాదు, బ్యాంకు లోను ఇవ్వదు. మళ్లీ ఇదే ఆశతో ఉన్నవారు ఇంకొకరు దొరకాలి.

నాలా కన్వర్షన్ అయిపోయిందని మధ్యవర్తి ఒక కాగితం చూపించవచ్చు. అది రెవెన్యూ రికార్డుల్లో సాగు భూమిని సాగేతర భూమిగా మారుస్తుంది, అంతే. జోన్ మారాలంటే ప్రభుత్వం జీవో ఇవ్వాలి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ మీదా ఆశ పెట్టుకోకండి. 2020 ఆగస్టు 26 తర్వాత వేసిన వెంచర్లకు అది వర్తించదు.

ఆ జీవో వస్తుందో రాదో మీరు గానీ నేను గానీ అంచనా వేయలేం. నాకు బాధ కలిగించేది ఇదే. మాస్టర్ ప్లాన్ ముసాయిదాను కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) తయారుచేస్తుంది, ఆమోదించేది ప్రభుత్వం, తర్వాత మార్చేదీ ప్రభుత్వమే. అమ్మేవాళ్లను నిలదీయడానికి రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఉంది. ఫలానా సర్వే నంబర్ల జోన్ ఎందుకు మార్చారని అడగడానికి హైకోర్టు మెట్లెక్కడం తప్ప మామూలు మనిషికి దారి లేదు. 1971 నాటి ప్లాన్ తర్వాత మన వరంగల్‌కు మాస్టర్ ప్లాన్-2041 ఆమోదం పొందింది 2024లో. ఆ రెండింటి మధ్య కాలమంతా ఊరు తనకు తోచినట్టు పెరిగింది. 2020 ఆగస్టులో, 2023 జులైలో హన్మకొండ నయీంనగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లు ఎందుకొచ్చాయో అక్కడివాళ్లను అడగండి. దేశమంతటా ఇదే లోపం: పట్టణ ప్రాంతాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని 2021లో నీతి ఆయోగ్ చెప్పింది. సర్కారు మాట వెనక్కి పోవడమూ చూశాం. వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములను కలిపి లేఅవుట్ వేసి, కొంత భాగం వాళ్లకు తిరిగివ్వడం) అన్నారు, 2022లో రైతులు రోడ్డెక్కాక విరమించుకున్నారు. జోన్ మార్పులను ప్రభుత్వంతో సంబంధం లేని సంస్థ పరిశీలించాలి, ప్రతి మార్పుకూ కారణం, అభ్యంతరాలకు ఇచ్చిన జవాబులు అందరికీ కనబడేలా పెట్టాలి. అది వచ్చేదాకా ఈ రిస్కంతా కొనేవాళ్ల నెత్తినే పడుతుంది, పాప ఫీజు డబ్బుతో దాన్ని మోయకండి.

మీకు ప్లాటే కావాలంటే, ఇప్పటికే రెసిడెన్షియల్ జోన్‌లో ఉన్నది, కుడా ఫైనల్ లేఅవుట్, రెరా నంబరు ఉన్నది చూడండి. లేఅవుట్‌లో 15 శాతం ప్లాట్లు పనులు పూర్తయ్యేదాకా తనఖాలో ఉంటాయి. మీ నంబరు అందులో లేదని నిర్ధారించుకోండి. 12 లక్షల్లో సరిపోయేంత చిన్నదైనా పర్వాలేదు గానీ, అదీ ఫీజులకు వేరే దారి ఉంటేనే. లేదంటే డబ్బును మూడు నాలుగు ఎఫ్‌డీలుగా విడగొట్టి, ఏటా ఫీజు కట్టే నెలకు ఒకటి చేతికొచ్చేలా పెట్టండి. బంగారం ముట్టుకోకండి.

బయానా సంగతి ఈ వారమే తేల్చుకోండి. రసీదు, వెంచర్ బ్రోచర్ దగ్గర పెట్టుకుని, డబ్బు తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌లో రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్లాట్లు అమ్మకూడదు. తిరిగి ఇవ్వబోమని వాళ్లంటే, ఆ కాగితాలతోనే తెలంగాణ రెరాలో ఫిర్యాదు చేయండి.