మిల్లు రేకుల సంగతి సరే, ముందు ఆ దగ్గు సంగతి చూడండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మండపేట దగ్గర ఒక పాత ఉప్పుడు బియ్యం మిల్లులో 19 ఏళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. 1996 తుపానుకు పైకప్పు ఎగిరిపోతే అప్పట్లో ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు వేశారు. సంక్రాంతి తర్వాత నుంచి వాటిని పగలగొట్టి తీసేస్తున్నారు. బాయిలర్ గొట్టాలకు చుట్టిన పాత తెల్లటి పొరను కూడా గీకేస్తున్నారు. నా గది ఆ పక్కనే. ఆస్బెస్టాస్‌తో క్యాన్సర్ వస్తుందని ఫోనులో చూశాను. భవనాన్ని నిపుణులతో తనిఖీ చేయించమంటే, డాక్టరు ఉత్తరం తెమ్మంటున్నారు యజమాని. మీరు ఇస్తారా? నేను సీటీ స్కాన్ చేయించుకోవాలా? రెండు నెలలుగా దగ్గు ఉంది, రాత్రిళ్లు ఎక్కువ. మందుల షాపులో ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు వేసుకుంటే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది. బెల్టు రెండు రంధ్రాలు బిగించాల్సి వస్తోంది. సిగరెట్లు రోజుకు ఐదారు.

జవాబు: ఉత్తరమంతా రేకుల గురించి రాసి, అసలు విషయాన్ని చివర్లో ఇరికించారు. రెండు నెలల దగ్గు, తగ్గుతున్న బరువు, పొగ అలవాటు. ఈ మూడూ కలిస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆస్బెస్టాస్ కాదు, క్షయ. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలని మనం గోడల మీద రాసుకుని ఎన్నేళ్లయిందో! ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు. దానితోపాటు ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష, చక్కెర పరీక్ష చేయించండి. సీటీ అవసరమో కాదో వాటిని చూసిన డాక్టరు చెబుతారు. మీ వయసులో, పొగతాగే వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను కూడా పక్కన పెట్టేయలేం. కళ్లెలో రక్తం కనిపించినా, ఆయాసం వచ్చినా రేపటి దాకా ఆగవద్దు.

ఇక ఆ చిన్న తెల్ల మాత్రలు. మిమ్మల్ని చూడకుండా, మాత్రల అట్ట చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, వేసుకుంటే తగ్గి ఆపితే తిరగబెట్టడం స్టెరాయిడ్ల తీరు. వీటి గురించి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. స్టెరాయిడ్ లోపల క్షయ ఉంటే దాన్ని పెంచుతుంది, పైకి మాత్రం నెమ్మదించినట్టు చూపిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. బోదకాలు క్రిమి వల్ల రాత్రిళ్లు పిల్లికూతలతో దగ్గు వచ్చే జబ్బు ఒకటుంది, ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియా. రక్తంలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు విపరీతంగా పెరగడమే దాని ఆనవాలు. స్టెరాయిడ్ వేసుకుంటే ఆ లెక్క పడిపోతుంది, ఆనవాలు చెరిగిపోతుంది. షాపులో లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా ఇచ్చి ఉంటే క్షయ బయటపడటం ఇంకా ఆలస్యమవుతుంది. మందుల షాపు అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ అతని దగ్గర స్టెతస్కోపు లేదు. అలాగని వారాల తరబడి వాడుతున్న ఆ మాత్రలను ఈ జవాబు చదివి ఒక్కసారిగా మానేయకండి, అది వేరే ప్రమాదం. ఖాళీ అట్టలతో సహా డాక్టరుకు చూపించండి.

రేకుల విషయానికి వస్తాను. ఆస్బెస్టాస్ జబ్బులు సంక్రాంతికి పీల్చిన దుమ్ముకు ఉగాదికి రావు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్‌కు సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. ఊపిరితిత్తి పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది తర్వాత అయితే అప్పటిదాకా దాచాలని చెప్పింది అందుకే. మీరూ ఇప్పటి ఎక్స్‌రేను పారేయకండి, ముందు ముందు పోల్చి చూడటానికి పనికొస్తుంది. మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

పగుళ్లు లేని సిమెంటు రేకు కింద 19 ఏళ్లు కూర్చున్నంత మాత్రాన పెద్దగా భయపడనక్కరలేదు. అందులో ఆస్బెస్టాస్ నార సుమారు పదో వంతు, అదీ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. పగలగొట్టినా, గ్రైండర్‌తో కోసినా, పైనుంచి విసిరినా ఆ నార గాల్లోకి లేస్తుంది. మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం బాయిలర్ గొట్టాల పొర. పాత పొరల్లో ఆస్బెస్టాస్ ఉంటే అది చేత్తో నలిపితే పొడి అయ్యే రకం, రేకు కన్నా చాలా చెడ్డది. ఉందో లేదో కంటితో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను, మీ మేస్త్రీ అసలే చెప్పలేడు. చిన్న ముక్కను తడిపి తీసి, సంచిలో మూసి, ల్యాబులో ప్రత్యేక సూక్ష్మదర్శిని కింద చూడాలి.

తనిఖీ అంటే ఇదే. నిపుణులు రేకులు, గొట్టాల పొర, బాయిలర్ తలుపుకు చుట్టే తాడు, గ్యాస్కెట్లు, గదుల మధ్య అట్టలు అన్నీ చూసి, ఏది ఎక్కడ ఏ స్థితిలో ఉందో రాసుకుని, నమూనాలు పంపుతారు. పడగొట్టే పని ఉంటే లోపలి భాగాలు కూడా విప్పి చూడాలి, అదీ పని మొదలుపెట్టక ముందు. బ్రిటన్‌లో కార్యాలయ భవనాల్లో ఆస్బెస్టాస్‌ను గుర్తించి చూసుకోవడం బాధ్యులకు చట్టపరమైన విధి. మన దగ్గర తెల్ల ఆస్బెస్టాస్ రేకులు ఇంకా దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పినా సరే.

భవనానికి నేను ఉత్తరం ఇవ్వలేను, డాక్టరు పరీక్షించేది మనిషిని. యజమాని గారు ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరును అడగవచ్చు, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థను సంప్రదించవచ్చు. ఆయన అడగకపోతే శాఖకు మీరే రాయండి. ఈలోగా గొట్టాల పొర గీకడం ఆపించండి. రేకులను తడిపి, మేకులు విప్పి, పగలకుండా దించమనండి. పొడిగా ఊడ్చవద్దు. ముక్కలతో దారిలో గోతులు పూడ్చే అలవాటు మానాలి. ముక్కుకు కట్టే తువ్వాలు, నీలం సర్జికల్ మాస్కు ఈ నారను ఆపలేవు. పని మీద బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని మిల్లుల్లో అంటారు. బెల్లం దిగేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు. నారను కడిగేసే మందు ఏదీ లేదు, టానిక్కులు కొనకండి. సిగరెట్ మాత్రం ఇవాళే ఆపండి. ఆస్బెస్టాస్, పొగ రెండూ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు విడివిడిగా ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మిల్లు బట్టలు మిల్లులోనే మార్చుకుని, తడిపి, విడిగా ఉతికించండి. ఇంట్లో వాటిని దులిపే వాళ్లు కూడా ఆ దుమ్మే పీలుస్తారు. ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే కళ్లె పరీక్షకు వాళ్లనూ వెంట తీసుకువెళ్లండి.