తండ్రిని పోగొట్టుకున్న పదహారేళ్ల కుర్రవాడికి ఏ నవల ఇవ్వాలి?

మీ మేనల్లుడు తండ్రిని పోగొట్టుకున్న నాటి నుంచి ఏడవకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటున్నాడనీ, అలాంటి పిల్లవాడికి ధైర్యం చెప్పే నవల ఏదైనా సూచించమనీ అడిగారు. ఏ నవలైనా ఇవ్వండి గాని, ధైర్యం చెప్పే నవల మాత్రం ఇవ్వకండి. ధైర్యం చెప్పేవాళ్లకు వాడికి కొదవ ఉండదు. దినాలకు వచ్చిన ప్రతి బంధువూ ఆ పని చేసి, భోంచేసి వెళ్లి ఉంటాడు.

మా నాన్న అనంతపురంలో ఆర్టీసీ కండక్టరు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా గుండెపోటుతో పోయారు. పెద్దదినం నాడు భోజనాలయ్యాక పెద్దలందరూ వసారాలో చేరి, కారుణ్య నియామకం కింద వచ్చే ఉద్యోగం అమ్మ తీసుకోవాలా, నాకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగాలా అని చర్చ పెట్టారు. గోడకు ఆనుకుని అక్కడే కూర్చున్న నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అంతలో ఎవరో నాన్న తోలుసంచి డిపోకు అప్పగించాలని గుర్తుచేయగా, అమ్మ దాన్ని తెచ్చి చాప మీద కుమ్మరించింది. చిల్లర నాణేలు, నలిగిన టికెట్టు ముక్కలు, సగం ఖాళీ అయిన వక్కపొడి పొట్లం, టికెట్లకు చిల్లులు పెట్టే పంచ్ బయటపడ్డాయి. మా పెద్దమామ ఆ పంచ్‌ను నా చేతిలో పెట్టి, "ఇంగ నువ్వేరా ఇంటికి పెద్దదిక్కు" అన్నాడు. అందరూ తలలూపారు. నేను మిద్దె మీదికి పోయి, నా కెమిస్ట్రీ రికార్డులో ఒక్కో కాగితం తిప్పుతూ చివరిదాకా చిల్లులు కొట్టాను. కంట నీటిచుక్క రాలేదు. నాకేదో గాలి సోకిందని మా అవ్వ మర్నాడు తాయెత్తు కట్టించింది.

అమెరికన్ రచయిత సాలింజర్ 1951లో ప్రచురించిన 'ది క్యాచర్ ఇన్ ది రై'లో హోల్డెన్ అనే కుర్రవాడు, తమ్ముడు రక్త క్యాన్సరుతో చనిపోయిన రాత్రి గరాజు కిటికీలన్నీ పిడికిలితో పగలగొడతాడు. ఎందుకంటే, ఊరికే అంటాడు. ఆ పేజీ చదివాక నాకు తాయెత్తుతో పని లేదని తెలిసింది. దుఃఖం ఆ వయసులో దుఃఖంలా కనిపించదు. విసుగుగా, కోపంగా, పనికిమాలిన తిరుగుడుగా కనిపిస్తుంది. దాన్ని అలాగే చూపించే నవల కావాలి. చివరి అధ్యాయంలో అన్నీ సర్దుకుని కుర్రవాడు ర్యాంకు తెచ్చుకునే కథలు నా దృష్టిలో అబద్ధాలు.

తెలుగులో అయితే బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఇవ్వండి. తల్లిని గురించి లోకం అన్న మాటలను మోసుకుంటూ తిరిగే దయానిధి వైద్యుడై చివరికి మన రాయలసీమకే వస్తాడు. నువ్వు ఫలానా వాడివని ఊరు నిర్ణయించేస్తే మనిషి లోపల ఏమవుతుందో అందులో ఉంది. నడక నిదానం కనుక మధ్యలో వదిలేసినా బలవంతం చేయకండి.

వాడు హాస్టల్లో ఉంటే అసలు చదవనిస్తారా అన్నది నా అనుమానం. మా అన్న కొడుకు చదివిన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ట్రంకు పెట్టెలు సోదా చేసి నవలలు పట్టుకుపోయేవారు. ఆ యాజమాన్యమే పరీక్షల ముందు మానసిక స్థైర్యం మీద ఉపన్యాసం పెట్టించి, అది వింటున్న పిల్లల ఫొటోలు కరపత్రంలో అచ్చు వేయించింది!

అయితే తిండీ నిద్రా వారాల తరబడి తప్పినా, బతకాలని లేదన్న మాట వాడి నోట వచ్చినా, అది నవలతో తీరేది కాదు. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్లోనే సాయం అందించేందుకు ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పుస్తకాన్ని నలుగురి ముందూ ఇవ్వకండి, ఇచ్చాక చదివావా అని అడగకండి. ముందు మీరు చదవండి. వాడికి నచ్చకపోతే మరొకటి వెతకడానికైనా పనికివస్తుంది.