హాయి వెనక మిగిలిన బాకీ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మనకు బాగా నచ్చిన పది ఫీల్ గుడ్ సినిమాలు తీసుకుని, వాటికి వచ్చిన పేరు న్యాయంగా వచ్చిందా లేదా అని ఒకటి నుంచి పది దాకా వరస పెట్టావు. మంచి పని మొదలుపెట్టావు. ఈ సినిమాల గురించి మనవాళ్ళు పెళ్ళిళ్ళలో, రైళ్ళలో ఎంతో ప్రేమగా మాట్లాడుకుంటారు. శ్రద్ధగా రాసేవాళ్ళే తక్కువ.

కానీ ఏడు సినిమాల గురించి నువ్వు ఒకే మాట రాశావు, 'మనసుకు హత్తుకుంది' అని. ఏడూ ఒకేలా హత్తుకున్నాయా? 'మిస్సమ్మ'లో సావిత్రి విసుగు చూస్తే కలిగేదీ, 'మిథునం' చివర్లో గొంతులో అడ్డుపడేదీ ఒకటేనా? ఆ తేడా చెప్పడానికే కదా మనం కలం పట్టుకున్నది! ఆ మాటను ఏడు చోట్లా కొట్టేసి, నీకు అలా అనిపించిన సీనులో ఏం జరిగిందో రాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు మాట్లాడలేదు, ఎవరి చేతిలో ఏముంది అన్నది రాస్తే చాలు. హత్తుకోవడం చదివేవాళ్ళు చూసుకుంటారు.

ఇక వరస సంగతి. నువ్వు 'బొమ్మరిల్లు'కి మొదటి స్థానం ఇచ్చావు. దాని గురించి నీకు ఒక విషయం చెప్పాలి. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

2006 ఆగస్టులో ఆ సినిమా వచ్చినప్పుడు మా నాన్నతో కలిసి థియేటర్‌లో చూశాను. పసివాడి చెయ్యి పట్టుకుని నడిపించే తండ్రితో సినిమా మొదలవుతుంది. పిల్లాడు పెద్దవాడయ్యాక కూడా ఆ చెయ్యి వదలని తండ్రి కథ అది. బట్టల దగ్గర్నుంచి పెళ్ళి దాకా అన్నీ ఆయనే ఎంచుతాడు, అదీ ప్రేమతోనే. క్లైమాక్స్‌లో సిద్ధార్థ్ నిలబడి ప్రకాష్ రాజ్‌తో తన మనసులో ఉన్నదంతా చెప్పేస్తుంటే హాలంతా నిశ్శబ్దం. మా నాన్న ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "నిన్ను నేను ఎప్పుడైనా అడక్కుండా ఏదైనా చేశానా?" అన్నారు. అంతకు ముందు మా ఇంట్లో అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒక సినిమా ఆ పని చేసిందంటే దానికి వచ్చిన పేరులో అబద్ధం లేదు. అబ్బూరి రవి రాసిన ఆ మాటలు ఎన్నో ఇళ్ళలో వినపడ్డాయి. దర్శకుడు భాస్కర్‌కి ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది.

ఆ ఊపులో పొగుడుతూ ఒక పెద్ద వ్యాసం రాశాను. అచ్చయిన మూడు వారాలకు ఒక ఉత్తరం వచ్చింది. రాసిన అమ్మాయి ఎవరో నాకు తెలియదు. కుదిరిన సంబంధం తప్పిపోయిందట. అబ్బాయి వేరే అమ్మాయిని ఇష్టపడ్డాడు. అందులో ఆమె ఎవర్నీ తిట్టలేదు. ఒక్కటే అడిగింది: 'మీ వ్యాసంలో సిద్ధు ఉన్నాడు, హాసిని ఉంది, ఇద్దరి నాన్నలూ ఉన్నారు. సుబ్బలక్ష్మి పేరు ఒక్కచోట కూడా ఎందుకు లేదండీ?'

నా వ్యాసం తీసి చూసుకున్నాను. నిజంగానే లేదు. నాలుగు పేజీలు రాశాను, నిశ్చితార్థం జరిగి ఆగిపోయిన ఆ అమ్మాయి నాకు గుర్తే రాలేదు. వెళ్ళి సినిమా మళ్ళీ చూశాను. ఈసారి సుబ్బలక్ష్మి కోసమే చూశాను. దర్శకుడు ఆమెను చెడ్డదాన్ని చెయ్యలేదు. అది ఆయన మంచితనం. కానీ ఆమెను తొందరగా దాటేశాడు. సిద్ధు, హాసినిల హాయికి అయిన ఖర్చులో కొంత ఆమె ఖాతాలో పడింది. ఆమె దగ్గర ఆగితే సినిమా తీపి తగ్గుతుందని ఆగలేదు. వెనకే నేనూ ఆగలేదు.

అప్పట్నుంచి ఏ ఫీల్ గుడ్ సినిమా చూసినా ఒకటి వెతుకుతాను. ఈ సుఖాంతం కోసం ఎవరు నష్టపోయారు? ఆ బాకీని సినిమా ఒప్పుకుందా, లేక దాచేసిందా? ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. కానీ నీ పది సినిమాల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టాలంటే ఇది పనికొస్తుంది. సంగీతం బాగుందా, నవ్వొచ్చిందా అనేవాటికంటే ఇదే నాకు ఎక్కువ చెప్పింది.

'మిస్సమ్మ'నే తీసుకో. విజయా వాళ్ళ సినిమా, 1955లో వచ్చింది, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. దాన్ని నువ్వు నాలుగో స్థానంలో పెట్టి 'స్వచ్ఛమైన వినోదం' అన్నావు. ఆ మాట దానికి చాలదు. చదువుకున్న ఇద్దరికి ఉద్యోగాల్లేవు. అప్పాపురం బడిలో పంతుళ్ళుగా చేరాలంటే భార్యాభర్తలై ఉండాలి, అందుకని అలా నటిస్తారు. సావిత్రి వేసిన మేరీకి డేవిడ్ బాకీ మెడ మీద ఉంది. తీర్చలేకపోతే వాణ్ణే పెళ్ళి చేసుకోవాలి. అంత టెన్షన్ మీద నిలబెట్టారు ఆ నవ్వుల్ని. అందుకే సావిత్రి సినిమా పొడుగునా చిరాకుపడుతూనే ఉంటుంది, మనం నవ్వుతూనే ఉంటాం, ఆ చిరాకు మాత్రం తప్పనిపించదు. హీరోయిన్ అంతసేపు కోపంగా ఉండి కూడా అంత ముద్దొచ్చిన సినిమా మన భాషలో ఇంకొకటి చూపించు.

మరి బాకీ? హిందూ ఇంటి ఆచారాల మధ్య క్రైస్తవ పిల్లగా మేరీ పడే ఇబ్బందిని సినిమా చాలా మర్యాదగా చూపించింది. తీరా చివరికొచ్చాక ఆమె, వాళ్ళకు ఉద్యోగమిచ్చిన జమీందారు ఎస్వీ రంగారావు తప్పిపోయిన కూతురే అని తేలుతుంది. అంటే అసలు చిక్కుముడిని విప్పలేదు, అలాంటి ముడే లేదని చెప్పారు. మేరీ మేరీగానే ఉండిపోయి ఉంటే ఎస్వీ రంగారావు ఆమెను కోడలిగానో కూతురిగానో ఒప్పుకునేవాడా? 1955లో ఆ ప్రశ్న అడగడం కష్టమే, నాకు తెలుసు. అయినా నువ్వు ఇవాళ రాస్తున్నావు కాబట్టి అడగాలి. అడిగాక కూడా 'మిస్సమ్మ' గొప్పదే. నేను దాన్ని ఇప్పటికీ ఏడాదికి ఒకసారైనా చూస్తాను. ఒక సినిమాని ప్రేమిస్తూనే దాని లోటు చెప్పొచ్చు. నీకు అలా చెప్పడానికి భయంగా ఉన్నట్టుంది. ఆ భయం అక్కర్లేదు.

'ఆనంద్' గురించి నువ్వు రాసిన పేరా నాకు అన్నిటికంటే నచ్చింది. 2004 అక్టోబరులో చిరంజీవి సినిమా విడుదలైన రోజే వచ్చి, మంచి కాఫీ లాంటి సినిమా అని చెప్పుకుని, మెల్లగా నిలదొక్కుకున్న సంగతి బాగా రాశావు. కానీ అది సినిమా గెలిచిన తీరు. సినిమా విలువ నాయిక రూపలో ఉంది. పీటల దాకా వచ్చిన పెళ్ళిని, చీర దగ్గర మొదలైన గొడవతో, తన మర్యాద కోసం వదులుకున్న పిల్ల ఆమె. వెనక అమ్మానాన్నలు కూడా లేరు. మేరీ తర్వాత దాదాపు యాభై ఏళ్ళకు మన సినిమాకు దొరికిన ఇంకో కోపం అది. ఆ ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టి రాస్తే నీ వ్యాసానికి ఊపిరొస్తుంది. అయితే రూప కోపాన్ని అంత గౌరవించిన సినిమా, ఆనంద్ తన అసలు సంగతి దాచి ఆమె పక్కింట్లో చేరడాన్ని మాత్రం ముద్దుగానే చూసింది. కాలేజీ పిల్లలకు ఆ సినిమా వేసి చూపించినప్పుడు ముందుగా వాళ్ళు అడిగింది అదే: "ఆమెకి ముందే చెప్పొచ్చు కదా?" నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

పేరు ఎలా వస్తుందో కూడా కొంచెం తెలుసుకో. ఎందుకంటే 'అందరూ ప్రేమించే సినిమా' అని నువ్వు చాలాసార్లు సాక్ష్యంగా చూపించావు. అమెరికాలో ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' మొదట డబ్బులు రాబట్టుకోలేదు. 1974లో ఎవరూ కాపీరైట్ పొడిగించుకోలేదు. దాంతో టీవీ ఛానళ్ళు క్రిస్మస్ వచ్చిందంటే దాన్ని వేసుకుంటూ పోయాయి. చూసి చూసి అది వాళ్ళ ఇంటి పండగలో భాగమైపోయింది. మనకూ ఆదివారాల దూరదర్శన్, ఆ తర్వాత పండగపూట ఛానళ్ళు అలాంటి పనే చేశాయి. కాబట్టి పేరున్నంత మాత్రాన సినిమా గొప్పదని రుజువు కాదు. అలాగని పేరు అలా వచ్చింది కాబట్టి సినిమా తక్కువదీ కాదు. కాప్రా సినిమాలో ఒక విషయం చూడు: ఎనిమిది వేల డాలర్లు నొక్కేసిన ముసలి పాటర్‌కి చివరికి ఏ శిక్షా పడదు. ఆ డబ్బు వెనక్కి రాదు. ఊరివాళ్ళు చందాలేసుకుని కథానాయకుడు జార్జిని ఒడ్డున పడేస్తారు. ఆ అన్యాయం అలాగే మిగిలిపోవడం వల్లే ఆ రాత్రి ఆనందాన్ని నేను నమ్మాను.

'మిథునం' దగ్గర నీతో నాకు పేచీ ఉంది. 'ముసలి దంపతుల అందమైన జీవితం' అని రెండు వాక్యాల్లో తేల్చేశావు. శ్రీరమణగారి కథ చదివావా? బాపుగారు ఆ కథను తన చేత్తో మొత్తం రాసుకున్నారు, తెలుసా? మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో అదే కథను సినిమా తీశారు. తనికెళ్ళ భరణి 2012లో మన భాషలో తీశారు, తెర మీద బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఇద్దరే ఇద్దరు. పిల్లలు పరాయి దేశాల్లో ఉన్నారు. పెరడు, పాడి, వంట, చిన్న చిన్న పోట్లాటలు. చూస్తున్నంతసేపూ ఆకలేస్తుంది. కొందరు దాన్ని పాతకాలం మీద మోజు అని తీసిపారేస్తారు. నాకు కూడా ఆ పెరడు మరీ పచ్చగా, ఆ రోజులు మరీ తీరిగ్గా కనిపించాయి. అన్ని చేతుల పని ఇద్దరి మీద ఎలా నడుస్తుందన్న లెక్క సినిమా చెప్పదు.

కానీ చివర? భర్త అప్పదాసు ముందు పోతాడు. తను లేకపోతే ఆయన ఒక్క పూట కూడా నెట్టుకు రాలేడని, అందుకని ఆయనే ముందు పోవాలని బుచ్చిలక్ష్మి కోరుకుంది. నీ వ్యాసంలో ఆ మాట ఎందుకు లేదు? అంతకు ముందు తిన్న ప్రతి ముద్దకూ, పడ్డ ప్రతి పోట్లాటకూ ఆమె ఆ కోరికతో బాకీ కట్టేసింది. మిగిలిన ఒంటరితనాన్ని తనే ఉంచుకుంది. ఎవరికీ చెప్పుకోలేని ఆ కోరికను తెర మీదకు తెచ్చిన సినిమాను 'హాయిగా ఉంది' అని వదిలేస్తే ఎలా తమ్ముడూ? మా అమ్మ, నాన్నగారు పోయిన నెలకు, దాదాపు అదే మాట అంది. అప్పటికి ఆమె ఈ సినిమా చూడలేదు. నా నోట మాట రాలేదు.

నా వరసలో అన్నిటికంటే పైన 'కేరాఫ్ కంచరపాలెం' ఉంటుంది. నువ్వు దాన్ని తొమ్మిదిలో పెట్టావు, 'కొంచెం బరువుగా ఉంది' అని. ఆ బరువే దాని విలువ. 2018లో వెంకటేష్ మహా విశాఖలోని కంచరపాలెం వెళ్ళి, ఎక్కువమంది అక్కడివాళ్ళతోనే తీసిన సినిమా. నలభై తొమ్మిదేళ్ళ అటెండర్ రాజు, అదే ఆఫీసుకు అధికారిగా వచ్చిన రాధ, భర్తను పోగొట్టుకున్న నలభై రెండేళ్ళ మనిషి. వాళ్ళిద్దరూ ఒక ఇంటివాళ్ళు కావడమే ముగింపు. దానికి ముందు, వేరేవేరే మనుషులవిగా కనిపించే మూడు ప్రేమలు విరిగిపోతాయి. వాటిలో ఒకదాని నాయిక సలీమా చనిపోతుంది. సలీమా చివర్లో బతికి రాదు, ఏ తండ్రీ మనసు మార్చుకోడు. సినిమా వాటిని వాటి చోటే ఉంచి, ఆ మనిషికి ఇంకొక ఉదయం ఇస్తుంది. ఆఖర్న రాజు ముఖం చూస్తే నాకు కలిగిన సంతోషం 'బొమ్మరిల్లు' చూసినప్పుడు కలగలేదు.

నాకు దాని మీదా ఒక సందేహం ఉంది. ఆ మూడు ప్రేమల్లోని మగవాళ్ళూ, రాజూ అందరూ ఒకడే అని తెలిసిన క్షణంలో మనకు కలిగే ఆశ్చర్యం చాలా పెద్దది. ఆ ఆశ్చర్యంలో సలీమా చావు రాజు జీవితంలో ఒక అధ్యాయంగా చిన్నదైపోయిందేమో అని నాలుగుసార్లు చూశాక కూడా తేల్చుకోలేకపోయాను. అది నీకు ఎలా అనిపిస్తుందో రాయి. నా మాట పట్టుకుని రాయొద్దు.

పని సంగతి రెండు ముక్కలు. ప్రతి సినిమానీ మళ్ళీ చూడు, ఫోన్ వేరే గదిలో పెట్టి. మొదటిసారి చూసినప్పుడు నీ వయసెంత, పక్కన ఎవరున్నారు, అప్పుడు నీకు ఏం కష్టం ఉంది అన్నది ముందే ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకో. సినిమా ఇచ్చిందేదో, నీ పదిహేనేళ్ళ వయసు ఇచ్చిందేదో అప్పుడు తెలుస్తుంది. సన్నివేశాలు జ్ఞాపకం మీద రాయకు. 'ఆనంద్' గురించి నువ్వు రాసిన ఒక సీను అసలు 'గోదావరి'లోది. ఇద్దరు నాయికలుగానూ కమలినీ ముఖర్జీయే ఉంది కాబట్టి నీకు కలిసిపోయింది. పదింటిని నాలుగుకు తగ్గించు. అంకెలు తీసెయ్. మూడుకీ నాలుగుకీ మధ్య తేడా ఏమిటో నువ్వే చెప్పలేకపోతున్నావు, ఆ కష్టం వాక్యాల్లో కనిపిస్తోంది.

దసరాకు బెజవాడ వస్తానన్నావు కదా. వచ్చేలోపు కొత్తగా రాసింది పంపు. అందులో సుబ్బలక్ష్మి గురించి ఒక పేరా అయినా ఉండాలి. ఆ అమ్మాయి రాసిన ఉత్తరం నా బీరువాలో భద్రంగా ఉంది. వచ్చినప్పుడు చదువుదువుగాని. ఆమెకు జవాబు రాద్దామంటే కవరు మీద చిరునామా లేదు.

ఆశీస్సులతో,
అక్క